పైనుంచి పెట్టిన చెయ్యి

హలో… ఆ… నేనేనండీ మామయ్యా. పెట్టెయ్యకండి. ఒక్క మాట…

— తెలుసు. ఫోన్ చెయ్యొద్దన్నారు. గుర్తుంది.

— మీ అమ్మాయి బాగానే ఉంది. కుట్టుపనికి వెళ్ళింది, సాయంత్రం గానీ రాదు. తన గురించి కాదు…

— షెడ్డులోనే ఉన్నా. మీ షెడ్డు గోడకి ఇవతలే. … లేదండీ, ఏం తాగలేదు. గొంతు అలా ఉందంటే… వంగి మాట్లాడుతున్నా. బండి మడ్‌గార్డు మీద బోర్లా పడుకుని ఉన్నా.

— పని మీదేనండీ. సర్వేయర్‌గారి బండి. కొండలెక్కుతుందే… నాలుగు చక్రాలూ లాగేది.

…

— అవును. మీ దగ్గరికొచ్చే బండే. … వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. ఎందుకు రావట్లేదో చెప్తాను. అన్నీ చెప్తాను. ముందు ఇంకోటి చెప్పాలి.

…

— చెయ్యి ఇరుక్కుపోయిందండీ.

— నాదే. కుడి చెయ్యి. స్టార్టర్ మోటార్ దగ్గర.

… హలో? … మామయ్యా, ఉన్నారా?

— ఆ. పైనుంచే పెట్టాను.

— చెప్పారు. పని నేర్పే కొత్తల్లోనే చెప్పారు. ఈ బండికి స్టార్టరు ఇంజన్ సందులో దాక్కుని ఉంటుంది, పైనుంచి చెయ్యి పెట్టకు, చక్రం విప్పి పక్కనుంచి వెళ్ళు అన్నారు. నేను వింటూ తల కూడా ఊపాను. … నాకు తొందరొచ్చింది. చీకటి పడకముందే కొండ మీది క్యాంపుకి వెళ్ళిపోవాలన్నారాయన. చక్రం విప్పి, లోపలి రేకు విప్పి, ఆ తతంగమంతా ఎందుకులే, రెండు బోల్టులేగా అనుకున్నా…

— లేదు. తొందరొక్కటే కాదు. మీరు చెప్పిన పద్ధతిలో చెయ్యకూడదనిపించింది. అదీ అసలు సంగతి. … ఆ. సిగ్గుగానే ఉంది.

— తీశాను మామయ్యా. బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టాకే చెయ్యి పెట్టాను. అది మాత్రం మర్చిపోలేదు.

— బోల్టులా… కింది బోల్టు ముందు తీశాను.

… ఆ. తెలుసు. కిందిది చివర తియ్యాలి. పైది తడిమి తడిమి ఊడదీశాక గానీ తెలియలేదు, ఇక మోటార్‌ని పట్టుకుని ఉన్నది ఏదీ లేదని. ఒక్కసారిగా ఒరిగి నా మణికట్టు మీద కూర్చుంది. ఇటు మోటారు, అటు ఛాసిస్. మధ్యలో నా చెయ్యి.

— రక్తం లేదు. వేళ్ళు కదుల్తున్నాయి. … చిటికెనవేలు తిమ్మిరిగా ఉంది. … లాగి చూశానండీ. లాగేకొద్దీ బిగుస్తోంది.

— చాలాసేపయింది. ముందు నేనే తీసుకుందామనుకున్నా. తర్వాత తిట్టుకున్నా. మిమ్మల్ని కాదు, బండిని. … ఆ తర్వాత ఇంకేం తోచలేదు.

— ఎవర్ని పిలవను మామయ్యా? టైర్ల కొట్టతను వస్తే ముందు ఫోటో తీసుకుంటాడు, ఆనక చెయ్యి పట్టి లాగుతాడు. అతను లాగితే చెయ్యి వస్తుంది, మణికట్టు అక్కడే ఉంటుంది. … మీ అమ్మాయికి చెప్తే పరిగెత్తుకొస్తుంది. వచ్చి ఏం చేస్తుంది, ఏడుస్తుంది. ఏడ్చాక అడుగుతుంది, నాన్న వద్దన్న పని ఎందుకు చేశావని.

— షట్టర్ దించి ఉందండీ. … నేనే దించా. తాళం వెయ్యలేదు, కిందకి లాగానంతే. … ఎందుకంటే… పైనుంచి చేస్తున్నానని ఎవరైనా చూస్తే మీ చెవిన వేస్తారని.

…

— ఏమైనా అనండి. తిట్టండి పోనీ. మీరు తిట్టి ఎన్నాళ్ళయిందో.

— మీరు రావాలి. … అదే అడుగుతున్నా. ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావంటే… మొహం ఎలాగూ బానెట్ కింద ఉందండీ, ఎవరికీ కనపడదు.

… నవ్వారా? … లేదా. సరే.

— మన రెండు షెడ్ల మధ్య తలుపు తీసుకుని రండి. తాళం మీ వైపే ఉందిగా. ఆ రోజు మీరు వేస్తుంటే ఇక్కణ్ణించి విన్నా.

— వస్తున్నారా? … నెమ్మదిగా. ఆ తలుపు ముందు జాకీలూ అవీ ఉంటాయి, కాలికి తగుల్తాయి. ఫోన్ పెట్టకండి, చెవి దగ్గరే ఉంచండి. మీ ఊపిరి వినపడుతుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంది.

— ఆ, వినపడుతోంది. తాళంచెవుల గుత్తి. … మీరు తీస్తూ ఉండండి, ఈలోగా నేను చెప్పేస్తా. మీరొచ్చి ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు.

సర్వేయర్‌గారు మిమ్మల్ని మానేసి నా దగ్గరికి ఎందుకొచ్చారంటే… నేనే రప్పించుకున్నా. మొన్నామధ్య టీ కొట్టు దగ్గర కలిశారు. మా మామయ్య చేతులు వణుకుతున్నాయండీ, ఆయనకిక బండి ఇవ్వకండి అన్నాను. … ఆ. సరిగ్గా ఆ మాటే. … ఆయన మొదట నమ్మలేదు. నేనే ఇంకో రెండు కలిపాను. స్పానర్ జారిపోతోందన్నా. బోల్టు బిగించడం మర్చిపోయారన్నా. టీ ఆయనే ఇప్పించారు, తాగుతూనే అన్నాను ఇవన్నీ.

… మీకు తెలుసా?

— ఆయనే వచ్చి చెప్పారా. … ఆ మర్నాడేగా మీరు తలుపుకి తాళం వేసింది. నేను వేరే షెడ్డు పెట్టి మీ నుంచి వేరుపడ్డానని కోపం, అది ఇప్పుడు బయటపడిందనుకున్నా. మీ అమ్మాయితో కూడా అదే అన్నా. చూడు మీ నాన్నకి ఎంత పౌరుషమో అన్నా.

— కల్పించానండీ. ఒక్కటీ నిజం కాదు. ఆ బండి నా షెడ్డు ముందు నిలబడితే నన్ను కూడా నలుగురూ మేస్త్రీ అంటారనుకున్నా. ఇన్నేళ్ళూ మేస్త్రీగారి అల్లుడు అనే అన్నారుగా. అదేమన్నా తిట్టా? కాదు. అయినా నాకు గుచ్చుకునేది.

— తాళం రాలేదా ఇంకా?

— తుప్పు పట్టిందేమో. కాస్త నూనె వేసి… … తుప్పు లేదా.

— వేరే తాళంచెవి పెడుతున్నారేమో చూడండి. ఇత్తడిది, కొంచెం పొడుగ్గా ఉంటుంది. … అదే పెడుతున్నారా. మరి…

…

— వినపడుతోంది మామయ్యా. గీసుకుపోతున్న చప్పుడు. … కన్నంలో పడటం లేదా?

…

…

— మామయ్యా.

— ఆపండి. తలుపు వదిలెయ్యండి. అక్కడ స్టూలుంటుంది, కూర్చోండి. … ఎప్పటినుంచి, చేతులిలా?

…

— లేదు. నాకు తెలియదు. మీ అమ్మాయి మీద ఒట్టు. నేను చూడలేదు.

— చూసే చెప్పాననుకున్నారా? ఇన్నాళ్ళూ… మీరు దాచుకుంటున్నది నేను కనిపెట్టి, టీ కొట్టు దగ్గర చాటాననుకున్నారా. … లేదండీ. అబద్ధమనుకునే చెప్పాను. అది నిజమని ఈ క్షణం దాకా నాకు తెలియదు.

… ఆ. ఇది ఇంకా సిగ్గుచేటు. నాకూ అలాగే అనిపిస్తోంది.

— అందుకా చిన్న స్క్రూలన్నీ నన్నే బిగించమనేవారు? … కార్బొరేటర్ విప్పితే నన్నే పిలిచేవారు. టీ గ్లాసు సగమే పోయించుకునేవారు. … నేనేమో, ఇంకా నన్ను పని నేర్చుకునేవాణ్ణి చూసినట్టే చూస్తున్నారు, చిల్లర పనులన్నీ నా మీదకి తోస్తున్నారు అని మీ అమ్మాయి దగ్గర రుసరుసలాడేవాణ్ణి. వేరే షెడ్డు పెట్టింది అందుకేగా. … రోజూ మీ పక్కనే, అదే బల్ల మీద పనిచేశా మామయ్యా. మీ చేతులకేసి ఒక్కసారి తిన్నగా చూడలేదన్నమాట.

— అలా అనకండి. మీరు దాచారు సరే, నాకు కళ్ళేమయ్యాయి?

— మీ అమ్మాయికి తెలుసా? … చెప్పలేదా. … సరే. నేనూ చెప్పను. ఎప్పుడు చెప్పాలో మీరే చెప్పండి.

— చెయ్యా? … నా చెయ్యి సంగతే మర్చిపోయానండీ. ఉంది, ఇరుక్కునే ఉంది.

— వద్దు, వీధి వైపు నుంచి కూడా రావొద్దు లెండి. … ఆ, మీరన్నది నిజమే. మోటార్‌ని లేపే రాడ్ మీ చేతిలో ఒక్క పిసరు జారినా నా వేళ్ళు నలుగుతాయి. … మీరు చెప్పండి. నేను చేస్తా. ఎడమ చేత్తో చేస్తా.

— స్పీకర్‌లో పెట్టి ఫోన్ బ్యాటరీ మీద ఉంచుతున్నా. … ఆ, వినపడుతోంది.

— లాగకూడదు. చెయ్యి కాదు, మోటార్‌ని కదపాలి. సరే.

— దాని వీపు మీద చిన్న డబ్బా… సోలినాయిడ్. ఆ, అదే. నా మణికట్టు మీద కూర్చున్నది అదే. … దాన్ని పైకి తిప్పితే సందు వస్తుందా. ఎటు? … ఇంజన్ వైపు కాదు, చక్రం వైపు. సరే.

— జాకీ రాడ్ ఉందండీ. కింద పడి ఉంది, చెప్పుకి తగుల్తోంది. … ఆగండి… కాలితో లాగుతున్నా… ఇంకొంచెం… అందింది.

— పెట్టా. కనపడదుగా, తడుముతున్నా. … ఛాసిస్‌కి కన్నమా? ఎక్కడ? … బ్రేకు పైపు పట్టుకుని కిందికి రావాలి. వస్తున్నా. … అది క్లిప్పు. … లేదు, తగలడం లేదు మామయ్యా. నున్నగానే ఉంది.

— వెనక్కి రావాలా. వచ్చా. … మట్టి ఉంది. గోరుతో గీకుతున్నా. … ఆ. ఉంది. వేలు దూరేంత ఉంది. ఇన్నిసార్లు ఈ బండి కింద పడుకున్నా, ఈ కన్నం ఎప్పుడూ చూడలేదు.

— సరే, రాడ్ మొన అందులో పెట్టి, మోటార్ కడుపు కిందికి ఆనించి… ఆనించా. బరువు వెయ్యనా? … వద్దు. ముందు ఇరుక్కున్న చేతి పిడికిలి విప్పాలి. … విప్పానండీ. … ఇంకా బిగపట్టే ఉన్నానా? మీకెలా తెలుస్తోంది? … ఊపిరిని బట్టా. సరే, వదిలా.

— నొక్కుతున్నా…

… కదిలింది. … అమ్మా… ఏం లేదు, ఏం లేదు. కదిలి మళ్ళీ కూర్చుంది.

— కంగారేం లేదండీ. మీరు కంగారు పడకండి. … ఎడమ చేతికి బలం చాలడం లేదు. … మోచెయ్యి కాదు, భుజం ఆనించి, ఒంటి బరువంతా. సరే. మీరెలా చెప్తే అలా.

— మళ్ళీ నొక్కుతున్నా. … తిరుగుతోంది. … తిరుగుతోంది మామయ్యా… మాట్లాడుతూ ఉండండి, ఆపకండి…

…

— వచ్చింది.

…

— వచ్చిందండీ. చెయ్యి బయటికొచ్చింది. … గీరుకుపోయింది, వాచింది, అంతే. అయిదు వేళ్ళూ ఆడుతున్నాయి. … ఆ, చిటికెనవేలు కూడా. … కూర్చున్నా, నేల మీదే కూర్చున్నా. మీరు మంచినీళ్ళు తాగండి. … ఇద్దరం తాగుదాం.

…

— మోటార్ కేబుల్ పట్టుకుని వేలాడుతోందండీ. … బండి కింద దూరుతున్నా, ఫోన్ జేబులో వేసుకుంటున్నా. కేబుల్ నట్టు విప్పి కిందనుంచే దించుతా. … ఒంటి చేత్తో కాదు, వాచినా ఇదీ పనికొస్తుంది.

…

— హలో, ఉన్నారా? దించాను. ఒళ్ళో ఉంది. ఎత్తుకుంటే పసిపిల్లాడంత బరువుంది.

— వాసనా? … వెనక మూత తీసి… తీశా. … కాలిన వాసన లేదు. నూనె వాసనే. … ఆ, మీరన్నట్టే, ఇంజన్ ఆయిల్ కారి లోపలికి దిగింది. కార్బన్ బ్రష్షులు మసిలో పాతుకుపోయాయి, నొక్కినా కదలడం లేదు. అరిగిపోయాయి కూడా. … అయితే మోటార్ బాగానే ఉందంటారా. కడిగి, గరుకు కాగితం పట్టి, బ్రష్షులు మారిస్తే చాలా. … నా దగ్గర బ్రష్షులు లేవు. … మీ దగ్గరున్నాయా. ఉంటాయి లెండి.

— ఆగండి మామయ్యా. షట్టర్ ఎవరో ఎత్తుతున్నారు.

— సర్వేయర్‌గారే. … పెట్టెయ్యకండి. లేదు, మీరు వినాలి. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది.

రండి సార్. … ఆ, చెయ్యి కొంచెం తగిలింది. ఫర్వాలేదు. … మోటార్ బయటికొచ్చింది సార్, ఇదిగో. … నేను కాదు, మా మామయ్య తీయించారు. … ఇక్కడ లేరు. ఫోన్లో చెప్పారు. … అవును సార్, ఫోన్లోనే.

సార్, మీకో మాట చెప్పాలి. … బండి గురించి కాదు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నేను చెప్పింది అబద్ధం. … మా మామయ్య చేతులు వణుకుతున్నాయన్నది. స్పానర్ జారిపోతోందన్నది. అన్నీ నేను కల్పించినవే, మీ బండి నాకు కావాలని. … ఆయన చేతులకేం సార్. నిక్షేపంగా ఉన్నాయి.

… ఆ. సిగ్గుమాలిన పనే. … అనండి సార్, పడతాను. మా మామయ్య ఎదురుగా అంటే ఇంకా బాగుండేది.

… ఆయన దగ్గరికా? ఈ మోటారా?

ఇప్పుడే ఇచ్చేసి రమ్మంటారా. … లేదు సార్, ఇవ్వకూడదని కాదు… ఆయన చేత్తోనే చెయ్యాలంటారా.

…

ఒక్క నిమిషం సార్. …

ఆయన చేత్తో చెయ్యరు సార్. … వణుకుతాయని కాదు, ఇప్పుడేగా చెప్పాను. పెద్ద మేస్త్రీలు స్పానర్ పట్టుకోరు సార్. కుర్చీ వేసుకుని కూర్చుని చెప్తారు, చేసేవాడు చేస్తాడు. ఇప్పుడు ఈ మోటార్ అలాగేగా ఊడింది. … చేసేవాడు నేనే. మళ్ళీ ఆయన దగ్గర పనిలో చేరుతున్నా. … ఇవాళే. … ఆయన ఒప్పుకున్నారా అంటే, ఇంకా అడగలేదు సార్. ఇదిగో, వింటున్నారు.

మీరు టీ తాగి రండి సార్. వెలుతురుండగానే మీరు కొండెక్కుతారు, అది మాత్రం నిజమే చెప్తున్నా.

…

— మామయ్యా. వెళ్ళారు. … విన్నారా?

…

— అబద్ధమే. తెలుసు. ఆ రోజు అబద్ధమనుకుని నిజం చెప్పా, ఇవాళ తెలిసి తెలిసీ అబద్ధం చెప్పా. ఇదొక్కటీ నన్ను చెప్పనివ్వండి. ఎవరడిగినా ఇదే చెప్తా.

— జాలా? … జాలి కాదండీ. నా మీద మీరు జాలిపడాలి. చేతులున్నాయి గానీ, నాకింకా పని రాలేదు మామయ్యా. ఇవాళే తెలిసింది.

— నా షెడ్డు బోర్డు దించేస్తా. … వద్దా? ఉండనివ్వాలా. … సరే, రెండు బోర్డులూ ఉండనివ్వండి.

— ఆ తలుపు జోలికి వెళ్ళకండి. వీధిలోంచే వస్తా. … చూస్తే చూడనివ్వండి. టైర్ల కొట్టతను అడుగుతాడు, చేతికేమైందని. … పైనుంచి పెట్టానని చెప్తా. మా మామయ్య వద్దన్నా పెట్టానని చెప్తా. వాడు పడీ పడీ నవ్వుతాడు. నవ్వనివ్వండి.

— ఆ బ్రష్షులు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పండి, మీరు తియ్యకండి. నేనొచ్చి…

…

— కాదు. కాదండీ, అలా అనలేదు. … మీకు చేతకాదని కాదు…

… తప్పే. మళ్ళీ నోరు జారా.

— మీరే తీసిపెట్టండి మామయ్యా. … పడితే పడనివ్వండి. నేనొచ్చి ఏరతా.

…

— ఆ. బయల్దేరుతున్నా. ఫోన్ పెట్టేస్తానండీ, దీన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.